మనవాడా? తగినవాడా?
సంఘ నాయకుల నియామకమును గూర్చి మన చరిత్ర నేర్పు పాఠము

శతాబ్ది ఉత్సవము చేసికొనుచున్న సంఘము తన పూర్వ నాయకుల పటములకు పూలమాలలు వేయుట సహజము. వారు పడిన శ్రమలను, కట్టించిన మందిరములను తలచుకొనుటయు యుక్తమే. కాని ఆ పటములలోనివారు ఆ స్థానములకు ఎట్లు వచ్చిరి, వచ్చునప్పుడు అడ్డుపడినవారెవరు, ఏ మాట చెప్పి అడ్డుపడిరి అను సంగతులను మనము సాధారణముగా తడవము. ఈ వ్యాసములో ఆ సంగతులనే సంఘస్థుల యెదుట ఉంచగోరుచున్నాము.

ఇందుకు కారణము లేకపోలేదు. గుమ్మఘట్ట వంటి మెట్ట సీమలోని చిన్న గ్రామ సంఘమునకు కోశాధికారిని ఎన్నుకొనుట మొదలు బిషప్పుగారిని ఎన్నుకొనుట వరకు, పదవి ఖాళీ అయినదని వినగానే మొదట పుట్టు ప్రశ్న ఒకటే: "ఆయన మనవాడేనా?" దానికి చదువుకొన్నవారు చెప్పు సమాధానమును ఒకటే: "కులము, ఊరు చూడకండి, యోగ్యత చూడండి." మొదటి మాట సంకుచితముగాను, రెండవ మాట ధర్మముగాను తోచును. అయితే చరిత్రను తిరగవేసి చూచినచో ఈ రెండు మాటలతోను తలుపులు మూయబడిన సందర్భములు కనబడుచున్నవి. కనుక ఒకదానిని తిట్టి, రెండవదానిని పొగడి ఊరకుండుట చాలదు. ఏది నిజమైన యోగ్యత, దానిని ఎక్కడ వెదకవలెను అని విచారింపవలసియున్నది.

తలుపు తెరచిన దినము

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథెడ్రలులో వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు డోర్నకల్ బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికన్ సంఘములో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. అప్పటికి ఆయన వయస్సు 38 ఏండ్లు. డోర్నకల్ ఆనాడు నిజాము రాజ్యములోని చిన్న ఊరు.

ఆయన తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తిరునల్వేలి జిల్లా వెల్లాలన్విళై గ్రామములో, తమిళ కుటుంబమున, నాడారు కులములో, ఒక గ్రామ గురువుగారి కుమారుడుగా జన్మించిరి. తాటిచెట్టును నమ్ముకొని బ్రదికిన ఆ కులమును నాటి పై కులములవారు చాల చులకనగా చూచెడివారు. అజరయ్య గారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిరి గాని పట్టా పుచ్చుకొనలేదు. 1895 నుండి వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణ దేశమంతట తిరిగిరి. విదేశీయుల డబ్బుతో కాక స్వదేశ క్రైస్తవుల కానుకలతోనే సువార్త సాగవలెనని 1903లో తిరునల్వేలి ఇండియన్ మిషనెరీ సొసైటీని, 1905లో సేరంపూరులో నేషనల్ మిషనెరీ సొసైటీని స్థాపించుటలో ముఖ్యులైరి. ఇతరులను పంపుచు తాను ఇంట నుండుట న్యాయము కాదని తలచి, 1909లో గురుపట్టము పొంది, తానే మిషనెరీగా డోర్నకల్ చేరి, తెలుగు నేర్చుకొనిరి.

ఇట్టివారిని బిషప్పుగా చేయవలెనని పట్టుపట్టినవారు మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ దొరగారు. ఆ ప్రతిపాదన వెలువడగానే రెండు దిక్కులనుండి అభ్యంతరములు లేచెను.

ఒక దిక్కున తెల్లవారు. భారతీయ బిషప్పు క్రింద ఇంగ్లీషు మిషనెరీలు ఎట్లు పనిచేయుదురని వారు అడిగిరి. "భారతీయుడు వద్దు" అని బాహాటముగా పలుకుట కంటె "భారతీయులు ఇంకను సిద్ధపడలేదు" అని చెప్పుట వారికి సుళువు. ఇది యోగ్యత పేరుతో వచ్చిన అభ్యంతరము. రెండవ దిక్కున మనవారే. తిరునల్వేలి ప్రాంతమున నాడారులు కాని క్రైస్తవులలో కొందరు, నాడారు కులస్థుడు బిషప్పు అగుటకు ఒప్పుకొనలేదు. ఇది కులము పేరుతో వచ్చిన అభ్యంతరము. పాలించువాడు "నీకు యోగ్యత లేదు" అనెను. పాలింపబడువాడు "నీవు మావాడవు కావు" అనెను. అభ్యంతరములు వేరైనను రెండును ఒక మనుష్యునే వాకిట నిలిపినవి.

చివరకు కుదిరిన ఏర్పాటును కూడ గమనింపవలెను. ఆయనకు మొదట ఇయ్యబడిన అధ్యక్ష మండలము మిక్కిలి చిన్నది. ఇంగ్లీషు మిషనెరీల మీద ఆయన అధికారము చెలాయింపవలసిన చిక్కు అందులో రాకుండ జాగ్రత్తపడిరి. తలుపు తెరచిరి గాని ఓరగా మాత్రమే తెరచిరి.

ఆఫ్రికా సంఘము అనుభవము

ఇది మన దేశమునకే పరిమితమైన కథ కాదు. దీనికి 48 సంవత్సరములకు ముందు, 1864లో, పశ్చిమ ఆఫ్రికాకు చెందిన శామ్యూల్ అజయీ క్రౌథర్ గారు ఇంగ్లండులోని కాంటర్బరీలో బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆయన యోరూబా జాతివారు. బాల్యమున బానిసల వర్తకుల చేతిలో చిక్కి, ఇంగ్లీషు ఓడవలన విడుదల పొంది, చదివి, గురువై, బైబిలును తన మాతృభాషలోనికి తెచ్చుటలో గొప్ప పాటుపడిన మహనీయుడు. ఆయనను బిషప్పుగా చేయుటకు చర్చి మిషనెరీ సొసైటీ కార్యదర్శి హెన్రీ వెన్ గారు పూనుకొనగా, యోరూబా దేశమునందే పనిచేయుచున్న హెన్రీ టౌన్సెండ్ మొదలగు తెల్ల మిషనెరీలు ఎదిరించిరి. ఆ కారణమున ఆయనకు స్వజాతి మధ్య కాక, నైజరు నదీ తీరమున, తన భాష మాటలాడని అన్య జాతుల మధ్య పని ఒప్పగింపబడెను.

అక్కడ ఆయన పాతికేండ్లకు పైగా సేవ చేసిరి. పని విస్తారము, సహాయకులు కొద్దిమంది, వారిలో కొందరి నడవడిపై నిందలు వచ్చినవి. 1890 ప్రాంతమున ఇంగ్లండునుండి వచ్చిన పడుచు మిషనెరీలు ఆయన సహాయకులను తొలగించి, ఆ వృద్ధుని అధికారమును నామమాత్రము చేసిరి. 1891 డిసెంబరు 31న ఆయన కన్నుమూసిరి. ఆయన స్థానమున నియమింపబడినవారు ఐరోపావారే.

ఇక్కడ మనము నేర్చుకొనవలసినది ఒకటున్నది. ఒక తెల్ల బిషప్పు పనిలో లోపము కనబడినయెడల అది ఆ వ్యక్తి లోపముగానే ఎంచబడును. అణగద్రొక్కబడిన జాతినుండి వచ్చిన నాయకుని పనిలో లోపము కనబడినయెడల అది ఆ జాతి అంతటికి అంటగట్టబడును. యోగ్యతను కొలుచు త్రాసు ఇట్లు ఒకరికి ఒక రాయి, వేరొకరికి ఒక రాయి వేయుచున్నప్పుడు "యోగ్యతయే ప్రధానము" అను మాటకు విలువ లేదు. దొంగ తూనికరాళ్లను ప్రభువు అసహ్యించుకొనునని ధర్మశాస్త్రమును సామెతల గ్రంథమును బోధించుచున్నవి గదా!

అజరయ్య గారు ఇచ్చిన జవాబు

తనను గూర్చిన అభ్యంతరములకు అజరయ్య గారు పనిద్వారా జవాబిచ్చిరి. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనెరీ మహాసభలో, మిషనెరీలు త్యాగము చేయుచున్నారు గాని మాతో స్నేహము చేయుట లేదని ఆయన నిర్భయముగా చెప్పియుండిరి. ఆ మాట కొందరికి కష్టము కలిగించినది. అయినను బిషప్పు అయిన తరువాత ఆయన తెల్లవారిమీద పగ సాధింపలేదు; స్వజనులైన తమిళులను తెచ్చి తెలుగువారి నెత్తిన కూర్చుండబెట్టను లేదు. 1920ల నాటికి కృష్ణా మొదలగు జిల్లాల మిషనెరీ క్షేత్రములు ఆయన అధ్యక్ష మండలములో చేర్చబడెను. జరుగదన్నది జరిగెను: ఇంగ్లీషు మిషనెరీలు భారతీయ బిషప్పు క్రింద పనిచేసిరి.

ఆయన ముఖ్యమైన పని తెలుగు గ్రామములలోని మాలపల్లెలలోను మాదిగపల్లెలలోను జరిగెను. అక్కడి యౌవనులను ఏరి, చదువు చెప్పించి, ఉపదేశకులుగాను గురువులుగాను తయారు చేసిరి. భార్యలకును భర్తలతోపాటు తర్ఫీదు ఇప్పించిరి. ఉన్నత కళాశాలల పట్టాలు ఉన్నవారికి మాత్రమే గురుపట్టము ఇయ్యవలెనని కూర్చున్నయెడల ఆ గ్రామములకు నూరేండ్లకైనను గురువులు దొరికెడివారు కారు. తానే పట్టా లేనివాడని ఆయనకు తెలియును. అందుచేత యోగ్యుల కొరకు కనిపెట్టుకొని కూర్చుండక యోగ్యులను తయారు చేసిరి. బాప్తిస్మము పొందినవారిచే తలమీద చేయి ఉంచుకొనజేసి, సువార్త ప్రకటింపనియెడల తమకు శ్రమ అని పౌలు వలె పలికించెడివారు. అనగా ప్రతి విశ్వాసియు పని నేర్చుకొనదగినవాడే అని ఆయన నమ్మకము.

మాల, మాదిగ విశ్వాసుల మధ్య ఎడము ఆయన కాలములోను ఉన్నది. ఒక బల్లయొద్ద రొట్టె విరుచువారు ఒక బావి నీళ్లు త్రాగలేకపోవుట ఆయనకు తీరని బాధ. ఆ బాధను ఆయన పూర్తిగా నివారింపగలిగిరని మేము చెప్పము. కాని ఆ రెండు వర్గములకు వెలుపలివాడైన ఒక తమిళుడు రెండు పేటలకును సమముగా నడచిపోయెనని చెప్పగలము. 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన డోర్నకల్ ఎపిఫనీ కథెడ్రలును చూచినవారికి హిందూ దేవాలయ స్తంభములును, మసీదు గుమ్మటములును పోలిన పనితనము ఒకే కప్పు క్రింద కనబడును. ఆయన మనస్సును ఆ కట్టడము చూపుచున్నది.

1945 జనవరి 1న అజరయ్య గారు ప్రభువునందు నిద్రించిరి. అయితే చరిత్ర ఇక్కడ మన ముందర ఒక కఠినమైన లెక్క పెట్టుచున్నది. 1912 నుండి 1945 వరకు, అనగా 32 సంవత్సరములు, భారతదేశపు ఆంగ్లికన్ సంఘములో అధ్యక్ష మండలమును స్వయముగా ఏలిన భారతీయ బిషప్పు ఆయన ఒక్కరే. ఆయన తరువాత డోర్నకల్ పీఠమును అధిష్ఠించినవారు విదేశీయులైన ఇలియట్ దొరగారు. ఆయన మంచి సేవకుడే, సందేహము లేదు. కాని ఒక యోగ్యుడు వచ్చి 32 ఏండ్లు పనిచేసి చూపినను, ఇంత పెద్ద దేశములో రెండవ యోగ్యుడు దొరకలేదనుట నమ్మదగిన మాటయా? ఒక్కరిని ఎక్కించి నిచ్చెన తీసివేసినయెడల అది యోగ్యతను గౌరవించుట కాదు.

మన సరిహద్దు సీమలో

ఇప్పుడు మన ప్రాంతమునకు వత్తము. మన రాయదుర్గము, గుమ్మఘట్ట పల్లెలు 1953 వరకు బళ్లారి జిల్లాలోనివి. ఆ సంవత్సరము అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు బళ్లారి పట్టణము మైసూరు పాలైనది; రాయదుర్గము తాలూకా అనంతపురము జిల్లాలో చేరినది. బళ్లారిలో 1810లో లండన్ మిషను పని ఆరంభించినది మొదలు ఈ సీమ సంఘములలో కన్నడమును తెలుగును కలసి వినబడినవే. ఇప్పటికిని వేదావతి ఒడ్డున రెండు భాషలు వచ్చినవారు కొల్లలు. ఇట్టి చోట "మన భాషవాడు" అను మాటకు అర్థమేమి?

దీనికి జవాబుగా హోస్పేట సుమిత్ర గారి జీవితమును చూపవచ్చును. పేరులోనే బళ్లారి సీమ పట్టణమును మోయుచున్న ఆయన 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు బిషప్పు అయిరి. రాయలసీమ అధ్యక్ష మండలమును నడిపించిరి. 1954 నుండి 1962 వరకు సంఘమంతటికి మోడరేటరుగా ఉండిరి. తమిళులు, మలయాళీలు, కన్నడిగులు, తెలుగువారు, ఇంగ్లీషువారు కూడిన సినడు, కరవు సీమలోని చిన్న అధ్యక్ష మండలపు బిషప్పుగారిని తన పెద్దగా ఎన్నుకొనెను. లెక్క ప్రకారము ఓట్లు చూచినయెడల పెద్ద మండలములవారు తమవారినే నిలుపుకొనవచ్చును. అట్లు జరుగలేదు. కనుక సంఘము ఎన్నడును ఈ పని చక్కగా చేయలేదని నిరాశపడ నక్కరలేదు.

అయితే "మనవాడు" కావలెనను కోరికను కేవలము పాపమని కొట్టివేయుటయు న్యాయము కాదు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ గృహములో కోస్తా, రాయలసీమ నాయకులు ఒడంబడిక వ్రాసికొనిరి. నీటి వనరులలో రాయలసీమకు ప్రాధాన్యము, అనంతపురములో విశ్వవిద్యాలయ కేంద్రము, రాజధానియో హైకోర్టో ఒకటి సీమకు అని అందులో ఒప్పుకొనిరి. ఏల వ్రాసికొనవలసివచ్చెను? మాట్లాడువాడు తమవాడు కానప్పుడు తమ కరవు ఎవరికిని పట్టదని సీమవారు భయపడిరి. ఆ భయము వట్టిది కాదు. 1953లో కర్నూలు రాజధాని అయినను మూడేండ్లకే అది హైదరాబాదుకు తరలిపోయెను. అనంతపురమునకు శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము 1981లో గాని రాలేదు. ఒడంబడికనుండి 44 ఏండ్లు! మరచిపోబడినవారు తమలో ఒకరిని పీఠముమీద చూడగోరుట ఆకలిగొన్నవాడు అన్నమడుగుటవంటిది. ఆ ఆకలిని తీర్చకుండ యోగ్యతను గూర్చి ప్రసంగించుట కడుపునిండినవాని బోధ అగును.

పొరుగు సంఘమునుండి ఒక మాట. 2000 సంవత్సరములో మరంపూడి జోజి గారు హైదరాబాదు కతోలిక అగ్రపీఠాధిపతిగా నియమింపబడిరి. దళిత వర్గమునుండి అగ్రపీఠాధిపతి అయినవారిలో ఆయన మొదటివారు. ఆ నియామకముపై ఆనాడు లోపలనే వాదములు చెలరేగెను. ఇరువది రెండేండ్ల తరువాత, 2022 ఆగస్టు 27న, మన అనంతపురమును చేరియున్న కర్నూలు పీఠమునకు పూర్వము అధిపతిగా ఉండిన పూల ఆంథోని గారు కార్డినలు అయిరి. తెలుగువారిలోను, దళితులలోను ఆ గౌరవము పొందిన మొదటివారు ఆయనే. మన దక్షిణ ఇండియా సంఘములో 2013లో నంద్యాల అధ్యక్ష మండలమునకు ఎగ్గోని పుష్పలలిత గారు బిషప్పు అయి, ఆ స్థానమునకు వచ్చిన మొదటి స్త్రీ అయిరి. వీరందరు నేడు కొత్తగా యోగ్యులైనవారా? వీరివంటివారు వీరికి ముందు తరములలోను ఉండిరి. చూచు కన్నులు ఆలస్యముగా తెరువబడెను.

కోర్టు గడప

మరియొక ప్రక్క చూడుడి. పదవులకొరకు వర్గములు కట్టి, ఓట్లు లెక్కించి, ఓడినవారు న్యాయస్థానములకు పోవుట మన కాలమున సామాన్యమైపోయెను. 2024లో దక్షిణ ఇండియా సంఘ సినడు వ్యవహారములను చూచుటకు మద్రాసు హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తులను నియమింపవలసిన స్థితి వచ్చెను. పరిశుద్ధులు లోకమునకు తీర్పు తీర్తురని పౌలు కొరింథీయులకు వ్రాసెను. మనమో మనలో ఎవరు కూర్చుండవలెనో చెప్పుమని లోకమును అడుగుచున్నాము. ఇందువలన నష్టపోవునది ఎవరు? వ్యాజ్యములకు ఖర్చగు ధనము గ్రామములలో కూలివారు పిడికెడు పిడికెడు బియ్యము తీసి ఇచ్చిన కానుక. పెద్దలు కోర్టు వరండాలలో ఉండగా బడులు కూలిపోవును, హాస్టళ్లు మూతపడును, గురువు లేని సంఘములు చెదరిపోవును.

ఏడుగురిని ఎన్నుకొనిన విధము

ఈ చిక్కు మొదటి శతాబ్దములోనే వచ్చినది. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయము చదువుడి. గ్రీకు భాష మాటలాడు విధవరాండ్రు అనుదిన పరిచర్యలో ఉపేక్షింపబడిరి, సణుగు పుట్టెను. అపొస్తలులు "మేము భేదము చూడము, ఊరకుండుడి" అని చెప్పలేదు. "ఇన్ని స్థానములు మీకు, ఇన్ని మాకు" అని పంచను లేదు. మంచి పేరు, ఆత్మ, జ్ఞానము గల ఏడుగురిని ఎన్నుకొనుడని సమూహముతో చెప్పిరి. ఎన్నికైన స్తెఫను, ఫిలిప్పు మొదలగు ఏడుగురి పేర్లును గ్రీకు పేర్లే! ఫిర్యాదు చేసిన పక్షము చేతికే హెబ్రీయుల విధవరాండ్ర అన్నపు గంటె కూడ అప్పగించిరి. యోగ్యత విడువబడలేదు, అన్యాయమును దాచబడలేదు. రెండును కలిసిన చోట సంఘము వృద్ధి పొందెను.

అజరయ్య గారి చరిత్రను ఈ వాక్యము వెలుగులో చదివినప్పుడు మాకు తోచునది ఇది. నాయకుని యోగ్యత అతని స్వజనులయొద్ద తెలియదు. తనవారికి మేలు చేయుట అందరును చేయుదురు. తనవారు కానివారికి అతడు ఏమి చేసెననుటయే పరీక్ష. చెరువు క్రింద నీరు పంచు నీరుగంటి నేర్పు తూము ప్రక్క మడిలో కనబడదు; చివరి పొలములో కనబడును. కరవు నెరిగిన గుమ్మఘట్ట రైతునకు దీనిని వివరింప నక్కరలేదు.

కాబట్టి పాస్టరేటు కమిటీకైనను, డయోసీసన్ కౌన్సిలుకైనను, పీఠమునకైనను ఎన్నిక వచ్చినప్పుడు సంఘస్థులు మూడు ప్రశ్నలు వేసికొనవలెనని మనవి చేయుచున్నాము. మొదటిది: ఈయన తన కులము, తన ఊరు, తన భాష కానివారి మధ్య చేసిన పని ఏది? రెండవది: ఈయన తన తరువాత నిలువదగినవారిని ఎందరిని తయారు చేసెను? మూడవది: మన సంఘములో ఇంతవరకు ఎన్నడును పిలువబడని పేట ఏది, అక్కడ యోగ్యుని వెదకితిమా, లేక వెదకకయే లేడనుకొంటిమా? మొదటి ప్రశ్న వర్గాభిమానమును అదుపులో ఉంచును. మూడవది యోగ్యత పేరిట జరుగు అన్యాయమును బయటపెట్టును. రెండవది రాబోవు తరమును కాపాడును.

ఈ నూరేండ్లలో మనకు దొరులు వచ్చిరి, తమిళులు వచ్చిరి, కన్నడ సీమవారు వచ్చిరి, మన పల్లెల బిడ్డలును లేచిరి. వారిలో మనము ప్రేమతో తలచుకొనువారు తమవారికే కాక అందరికి కాపరులైనవారే. రాబోవు నూరేండ్లకు అట్టివారిని గుర్తుపట్టు కన్నులను, వెనుకబడిన పేటలలోనుండి అట్టివారిని పెంచు ఓపికను ప్రభువు మన సంఘమునకు అనుగ్రహించును గాక.